హెచ్‌టిఎంఎల్

హెచ్‌టిఎంఎల్ అనేది వెబ్ పేజీలను తయారుచేయుటకు వాడే మార్కప్ భాష. దీనిని టిమ్ బెర్నర్స్-లీ రూపొందించాడు. దీని ట్యాగుల తొలి వివరణ 1991లో వెలువడింది.

నిర్మాణం

పేజీలో హెడ్, బాడీ అని రెండు భాగాలుంటాయి. పేజీ శీర్షికను హెడ్‌లోను, పాఠకునికి కనిపించే విషయాన్ని బాడీలోను వ్రాస్తారు. ఉదాహరణకు, పేరాకు ముందు కోణపు బ్రాకెట్ల నడుమ 'పి' అనే ట్యాగును, చివర వాలుగీతతో కూడిన అదే ట్యాగును ఉంచాలి. నోట్‌ప్యాడ్‌లో వ్రాసిన ఫైలును ఇంటర్నెట్ లేకున్నా బ్రౌజరులో చూడవచ్చును.

తెలుగు పేజీలు

యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలున్న "తెలుగు" అనే మాటకు 18 బైట్లు కావాలి. ఈ పద్ధతిని హెడ్‌లో, ఫైలు మొదటి 1024 బైట్లలోపే ప్రకటించాలి. లేనిచో బ్రౌజరు ఆ బైట్లను వేరే లిపిగా చదివి, తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులను చూపే ప్రమాదమున్నది.