వాన పడని పొలం: పాలీహౌస్ టమాటా పోషణకు వ్యాఖ్య

తూర్పున యమున, పడమట ఆరావళి కొండలు ఉన్న ఫరీదాబాద్‌లో నది వైపు నేలలన్నీ ఒండ్రు. అక్కడ పాలీహౌస్‌లో టమాటా వేసే రైతుకు మట్టి, నీటి పరీక్షల కాగితాలే మూలగ్రంథం. అందులోని మాటలకు ఇది వ్యాఖ్య.

పీహెచ్: టమాటాకు 6 నుంచి 6.8 వరకు అనుకూలం. యమున ఒండ్రు సాధారణంగా 7.5 దాటే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము, జింకు మట్టిలో ఉన్నా వేరుకు చిక్కవు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే ఇనుము అందడం లేదని అర్థం. ఇనుమును వేరుకు అందే రూపంలో పట్టి ఉంచే చీలేటు ఎరువుల్లో, ఇలాంటి నేలలో ఈడీటీఏ చీలేటు నిలవదు, ఈడీడీహెచ్ఏ చీలేటు వేయాలి.

ఈసీ: కరిగిన ఉప్పుల కొలత. సంతృప్త మట్టి సారంలో మీటరుకు 2.5 డెసీసీమెన్స్ వరకు టమాటా ఓర్చుకుంటుంది. ఆపైన ఒక్కో యూనిట్‌కు దిగుబడి దాదాపు 10 శాతం పడిపోతుంది. ఆరుబయట పొలంలో వానాకాలం ఉప్పును కడిగి కిందికి దించుతుంది. పాలీహౌస్ కప్పు ఆ వానను అడ్డుకుంటుంది కాబట్టి బోరు నీటి ఉప్పు, ఎరువుల ఉప్పు పంట తర్వాత పంటగా పేరుకుంటాయి. కప్పు మీది వాన నీటిని తొట్టిలో పట్టి, పంటకూ పంటకూ నడుమ మళ్లను దానితో కడగడం ఇక్కడ ఎరువు వేయడమంత ముఖ్యం.

బైకార్బనేట్: నీటి కాగితంలో చూడాల్సిన మాట. ఇది ఎక్కువైతే డ్రిప్పర్లలో సున్నం పేరుకుంటుంది, నేల పీహెచ్ ఇంకా పెరుగుతుంది. తగిన మోతాదులో ఫాస్ఫారిక్ లేదా నైట్రిక్ ఆమ్లం కలిపి సరిచేస్తారు. ఆమ్లంతో వచ్చిన భాస్వరం, నత్రజనిని ఎరువుల లెక్కలో తగ్గించుకోవాలి.

రెండు తొట్లు: డ్రిప్‌లో ఇచ్చే ఎరువుల్లో కాల్షియం నైట్రేట్ ఒకదానిలో, సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు మరొకదానిలో. చిక్కటి ద్రావణాలు కలిస్తే జిప్సం, కాల్షియం ఫాస్ఫేట్ అడుగున దిగిపోతాయి, మొక్కకు ఏదీ దక్కదు.

కాల్షియం: కాయ అడుగు నల్లబడి కుళ్లితే వెంటనే కాల్షియం లోటు అంటారు. కానీ కాల్షియం నీటితోపాటే పైకి వెళ్తుంది. వేసవి వడగాలి ‘లూ’ వీచే రోజుల్లో నీటిని ఆకులే లాగేసుకుంటాయి, కాయకు వాటా తగ్గుతుంది. అమ్మోనియం, పొటాష్ మితిమీరినా ఇదే గతి. నీడ వల వేసి, తడి హెచ్చుతగ్గులు లేకుండా చూడటమే ముందు చేయాల్సిన పని.

నులిపురుగు: కాగితంలో ఉండని మాట. అంకెలన్నీ సరిగ్గా ఉన్నా మొక్క పాలిపోయి మధ్యాహ్నం వాడిపోతుంటే వేరు తవ్వి చూడాలి. బొడిపెలుంటే అది నులిపురుగు పని, లోపం మట్టిది కాదు. ఖాళీ మళ్లను తడిపి మే, జూన్ ఎండలో ప్లాస్టిక్ పట్టా కప్పితే ఈ పురుగుల ఉద్ధృతి తగ్గుతుంది. వేరు చూడకుండా ఎరువు పెంచితే పెరిగేది ఈసీ ఒక్కటే.