విషం మొదట పడగొట్టేది దీన్నే

పరిశోధనశాల ఫ్రీజరులో, మైనస్ 20 డిగ్రీల చలిలో, చిటికెడు తెల్లపొడితో ఒక చిన్న సీసా ఉంటుంది. పేరు అసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్. నరం కండరానికి కబురు పంపేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. కబురు అందగానే దాన్ని విరిచేసి, తర్వాతి కబురుకు దారి ఇవ్వడం ఈ ఎంజైమ్ పని. ఒక్క ఎంజైమ్ అణువు సెకనుకు వేల అణువులను విరిచేయగలదు.

ఇలాంటిది ఒంట్లో ఉండి ఉంటుందని హెన్రీ డేల్ 1914లోనే ఊహించాడు. కప్ప గుండెతో ప్రయోగాలు చేసిన ఒట్టో లోవీ, 1926లో తన సహచరుడు నవ్రాటిల్‌తో కలిసి దాని జాడ చూపించాడు. అయితే జాడ దొరకడం వేరు, సీసాలో నింపేంత సరుకు దొరకడం వేరు.

ఆ సరుకు చేపలో దొరికింది. నాజీల జర్మనీ వదిలి పారిస్ చేరిన యూదు శాస్త్రవేత్త డేవిడ్ నాఖ్‌మాన్‌సోన్, 1937లో అక్కడి ప్రపంచ ప్రదర్శనలో బతికున్న టార్పెడో చేపలను చూశాడు. షాకు కొట్టి వేటాడే చేప అది. దాని ఒంట్లో కరెంటు పుట్టించే భాగం నిజానికి రూపుమారిన కండరమే. కండరమైతే ఈ ఎంజైమ్ ఉండాలి కదా అని పరీక్షించాడు. ఉంది, అదీ మామూలు కండరంలో ఎక్కడా కనబడనంత. తర్వాత దక్షిణ అమెరికా నదుల్లో, మలుగుపాములా పొడవుగా ఉండే విద్యుత్ ఈల్ వంతు వచ్చింది. ఇప్పటికీ ఎన్నో సీసాల మీద దాని పేరే ఉంటుంది.

ఎంజైమ్ పనిని కంటికి కనిపించేలా చేసింది మాత్రం జార్జ్ ఎల్‌మన్. 1961లో ఆయన, ముగ్గురు సహచరులు కలిసి అసలు రసాయనానికి బదులు గంధకం చేర్చిన దాని నకలును ఎంజైమ్‌కు అందించారు. అది విరిగినప్పుడల్లా, పక్కనే కలిపిన ఎల్‌మన్ కారకం పసుపు రంగు తేలుస్తుంది. రంగు చకచకా చిక్కబడితే ఎంజైమ్ చురుగ్గా ఉన్నట్టు, పాలిపోయి ఉంటే ఏదో దాన్ని పట్టి ఆపినట్టు. ఇంత సులువైన పరీక్ష కాబట్టే చిన్న కళాశాల ప్రయోగశాలకూ అందింది. మతిమరుపు జబ్బుకు మందులు వెతికేవాళ్లూ, కూరగాయల మీద పురుగుమందు అవశేషాలు పట్టేవాళ్లూ దీన్నే వాడుతున్నారు.

పత్తి చేలల్లో చల్లుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు ఒంట్లోకి వెళితే పట్టుకునేది ఈ ఎంజైమ్‌నే. అందుకే పురుగుమందు తాగినవారిని ఆసుపత్రికి తెస్తే రక్తంలో కోలిన్‌ఎస్టరేజ్ ఎంతుందో చూస్తారు. అట్రోపిన్ అనే మందుతో పాటు డాక్టర్లు 'పామ్' అనే ఇంజెక్షన్ కూడా ఇస్తుంటారు. దాని వల్ల ఎంత మేలన్నది వైద్యుల్లో ఇంకా తెగని వాదన. కానీ దాని పుట్టుక మాత్రం ఈ చేపల దగ్గరే: అమెరికా చేరిన నాఖ్‌మాన్‌సోన్ దగ్గర, కొలంబియా విశ్వవిద్యాలయంలో, ఇర్విన్ విల్సన్ విషం పట్టిన ఎంజైమ్‌ను విడిపించే రసాయనాల కోసం వెతుకుతూ 1955లో దాన్ని కనుగొన్నాడు.