దేవకి బిడ్డా, రోహిణి బిడ్డా?

భాగవతంలో యోగమాయ దేవకి గర్భంలోని పిండాన్ని రోహిణి గర్భంలోకి చేర్చింది. అలా పుట్టినందుకే బలరాముడు సంకర్షణుడయ్యాడు. 1984లో మా కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఇంచుమించు అదే జరిగింది. దాత గర్భంలో ఏర్పడ్డ పిండాన్ని కొద్దిరోజులకే తీసి మరో స్త్రీ గర్భంలో ఉంచారు. ఆమె బిడ్డను కన్నది. అంతకు కొద్ది నెలల ముందే, ఆస్ట్రేలియాలో దాత అండాన్ని ప్రయోగశాలలో ఫలదీకరించి మరొకరి గర్భంలో ఉంచితే బిడ్డ పుట్టింది.

అంతవరకూ సందేహమంతా తండ్రి గురించే. ఇప్పుడు తల్లి ఎవరన్నదీ ప్రశ్నే అయింది. 1993లో జాన్సన్ వర్సెస్ కాల్వర్ట్ అనే సరోగసీ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జవాబు చెప్పింది: జన్యువులు ఒకరివి, ప్రసవం మరొకరిది అయినప్పుడు, బిడ్డను తన బిడ్డగా పెంచాలని సంకల్పించిన స్త్రీయే తల్లి.

మా అమ్మాయీ దాత అండంతోనే పుట్టింది. కేంద్రకంలోని డి.ఎన్.ఎ.లో సగం నాది, సగం దాతది. మైటోకాండ్రియాలోని 37 జన్యువులూ దాతవే. "ఎవరి పోలిక?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా మా ఆవిడ ముఖం చిన్నబోయేది. ఆవిడ తల్లి అవునా కాదా అన్నది ఏనాడో తేలిపోయింది. మిగిలింది బిడ్డ హక్కు. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాత దానం చేసినవారి వివరాలు, బిడ్డకు 18 ఏళ్లు నిండాక అడిగితే చెబుతారు. అదే న్యాయమని నా అభిప్రాయం. బలరాముడి పుట్టుకను మనం పిల్లలకు దాచకుండానే చెప్పుకుంటూ వచ్చాం. మా అమ్మాయికీ తన కథ అలాగే చెబుతున్నాం.