పాప్లరు మొగ్గల లేపనము

మన యిండ్లలో మందుల ప్రసంగము వచ్చినపుడెల్ల రెండు పక్షము లేర్పడుచుండును. నాయనమ్మ చెప్పిన ఆకుపసరెల్ల అమృతమని యొక పక్షము. సీసాలో నుండి, పైన అచ్చుకాగిత మంటించియున్నదే మందని రెండవ పక్షము. ఉభయులును విచారణ యను శ్రమనుండి తప్పించుకొనుచున్నవారే యని మా యభిప్రాయము. మన యింటి మందునే యెత్తుకొని విచారింపబూనినచో కొందరికి అభిమానమును, కొందరికి పరిహాసమును అడ్డువచ్చును. అందుచేత మనది కాని మందొకదాని చరిత్రను ఈ మాసమున పాఠకుల ముందుంచుచున్నాము. పరుల యింటి తగవును తీర్చునపుడు మనస్సు నిష్పక్షపాతముగ నుండుట సులభము. ఆ తీర్పును పిదప మన యింటికి తెచ్చుకొనవచ్చును.

పాప్లరు చలిదేశముల చెట్టు. ఐరోపాలోను, ఉత్తర అమెరికాలోను, ఆసియాలోని శీతల ప్రదేశములలోను పెక్కు జాతులుగ పెరుగుచున్నది. మన దేశమున కాశ్మీరపు బాటలకు ఇరుప్రక్కల నిది కానవచ్చును. పంజాబు, ఉత్తర ప్రదేశములలో అమెరికా జాతి యొకదానిని కలపకొరకు పొలములలో నాటుచున్నారు. తెలుగు నేలపై నిది సహజముగ పెరుగునది కాదు. అయినను దీని పేరు మన చెట్టొకదాని కంటుకొనియున్నది. మన గంగరావికి వృక్షశాస్త్రజ్ఞు లుంచిన లాటిను పేరు థెస్పీసియా పాపుల్నియా. అందు రెండవ మాటకు పాప్లరును బోలినదని యర్థము. గంగరావి యాకును చూచినవారు పాప్లరు ఆకును కొంతవరకు ఊహించుకొనవచ్చును.

శిశిరము ముగియుచుండగా, ఆకులింకను విచ్చకమునుపు, పాప్లరు కొమ్మల చివర సూదిగనుండు మొగ్గలు ఉబ్బును. వానిపై పసుపు, ఎరుపు కలిసిన జిగురు క్రమ్ముకొనియుండును. దాని పరిమళము చెట్టుక్రింద నడచువారికి గూడ తెలియును. ఆ జిగురు వ్రేళ్ల కంటుకొన్నచో నీటితో కడిగిన పోదు. నూనెతో రుద్దినచో పోవును. ఈ చిన్న సంగతియే యీ మందునకు మూలము. నీటిలో కరగనిది కొవ్వులో కరగుచున్నదని గ్రహించినవారు మొగ్గలను కషాయము పెట్టక, నూనెలోను, వెన్నలోను, పందికొవ్వులోను నాననిచ్చిరి. మనుష్యులకంటె ముందుగ నీ జిగురు విలువ నెరిగినవి తేనెటీగలు. అవి దానిని మొగ్గలనుండి గీకి తెచ్చి, పట్టులోని బీటలను పూడ్చుకొనును. ప్రొపోలిస్ అను పేర నేడు అంగళ్లలో అమ్మబడుచున్న తేనెటీగల బంక, ఐరోపా చలిప్రదేశములలో చాలవరకు ఈ నల్ల పాప్లరు మొగ్గల జిగురే.

గ్రంథములలో నీ చెట్టు ప్రశంస ప్రాచీనమైనది. క్రీస్తుశకము 1వ శతాబ్దమున గ్రీకు భాషలో ఓషధులనుగూర్చి వ్రాసిన డయాస్కరిడీసు, నల్ల పాప్లరు ఆకులను పులికాడితో కలిపి కీళ్లవాతపు నొప్పులకు పట్టు వేయవచ్చునని చెప్పెను. తరువాత ఇటలీ దేశమున సలెర్నో పట్టణము వైద్యవిద్యకు ప్రసిద్ధి కెక్కెను. 12వ శతాబ్దమున ఆ పట్టణపు సంప్రదాయమున పుట్టిన మందుల సంగ్రహములో "పాపులియను" అను లేపనము కలదు. పాప్లరు మొగ్గలవలననే దానికా పేరు. ఆ సంగ్రహము ఐరోపాయంతటను వ్యాపించుటచే ఈ లేపనము ఔషధశాల లన్నిటను నిలువయుండు సరకాయెను. 19వ శతాబ్దపు ఫ్రెంచి ఔషధగ్రంథములలో గూడ ఇది మార్పులతో నిలిచియున్నది.

ఈ లేపనమును చేయు పద్ధతియందొక విశేషము కలదు. మొగ్గలు దొరకునది ఫిబ్రవరి, మార్చి మాసములలో. యోగమునందు చేరవలసిన తక్కిన యాకులు వేసవి వచ్చినగాని ఎదుగవు. అందుచేత మొగ్గలను నలుగగొట్టి పందికొవ్వులో కలిపి, తక్కిన మూలికలు చేతికి వచ్చువరకు కుండలో నుంచుచుండిరి. వట్టి కొవ్వు అన్ని దినము లుండినచో కనరు వాసన వేయును. మొగ్గలు చేరిన కొవ్వు అట్లు చెడకుండెను. చెడకుండుటకు కారణమును వారు విచారించినట్లు కానరాదు. ఉండుచున్నదని మాత్రము కనిపెట్టిరి. 19వ శతాబ్దమున ఔషధకారులు లేపనముల కొవ్వు కనరకుండుటకు సాంబ్రాణివంటి గుగ్గిలములను, పాప్లరు మొగ్గలను పరీక్షించి ఆ గుణము సత్యమేయని తేల్చిరి. మొగ్గల జిగురులోని ఫీనాలు జాతి పదార్థములు, గాలిలోని ప్రాణవాయువు కొవ్వును చెరుపకుండ అడ్డుకొనునని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది.

ఔషధశాలకు వెలుపల, గృహములలో గూడ ఈ మొగ్గలకు ప్రచారము కలదు. స్త్రీలు వీనిని క్రొత్త వెన్నతో నలిపి, కొన్నాళ్లు ఎండలో నుంచి, వడియగట్టి, తలవెండ్రుకల సొగసుకొరకు రాచుకొనుచుందురని 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు మత్తియోలి చెప్పినట్లు తరువాతి గ్రంథములు పేర్కొనుచున్నవి. గ్రంథమున వైద్యుని పేరున్నది. ఏ యేటి గట్టున ఏ యిల్లాలు ఆ మొగ్గలను మొదట వెన్నలో వేసెనో ఆమె పేరు లేదు. మన దేశమున తైలములను కాచిన తల్లుల సంగతి గూడ ఇట్టిదే.

ఇంతవరకు చెప్పినది మెచ్చుకొనదగిన భాగము. ఇక రెండవ భాగమును వినవలెను. ఆ లేపనములో మొగ్గలతో కూడ చేరిన మూలికలేవి? గసగసాల మొక్క యాకు, మాండ్రేకు ఆకు, ఖురాసానీ వాము ఆకు, కామంచి జాతి మొక్కలు. మాండ్రేకు, ఖురాసానీ వాములలో నుండు విషపదార్థములు చర్మముద్వారా, ముఖ్యముగ చీలిన చర్మముద్వారా, శరీరములో ప్రవేశింపగలవు. లేపనము రాచినంతనే నొప్పి తగ్గి నిద్రపట్టుటకు ఈ విషములును కొంత కారణమై యుండవచ్చును. రోగి మాత్రము మొగ్గలవలన మేలు కలిగెననుకొనును. పాలు మాన్పించిన తల్లుల రొమ్ములలో పాలింకుటకు ఈ లేపనమును మిక్కిలిగ వాడుచుండిరని 17వ శతాబ్దపు ఆంగ్ల గ్రంథము చెప్పుచున్నది. క్రొత్తగ పాలు మానిన బిడ్డ రాత్రివేళ మేల్కొని తల్లి రొమ్మును వెదకుకొనదా? ఆ బిడ్డ నోటికి చేరునది యేమి? ఈ ప్రశ్న వేయువారు లేకుండగనే ఒక మందు కొన్ని వందల యేండ్లు నడచినది.

ఈ ఆంగ్ల గ్రంథకర్తనుగూర్చి కొంత చెప్పక తప్పదు. 1618వ సంవత్సరమున లండను వైద్యుల కళాశాలవారు తమ ఔషధకోశమును లాటిను భాషలో ప్రకటించిరి. లాటిను రాని సామాన్యునకు అది మూసిన పెట్టె. నికొలసు కల్పెపర్ అను నతడు 1649లో దానిని ఇంగ్లీషులోనికి మార్చి, ఏ మందులో నేమున్నదో అందరికిని తెలియునట్లు చేసెను. 1652లో ఇంగ్లండున దొరకు మూలికలనుగూర్చి మరియొక గ్రంథమును ఇంటింట చదువుకొనదగినట్లు రచించెను. తమ విద్య వీథిన పడెనని వైద్యు లాగ్రహించిరి. అతడు 1654లో నలువది యేండ్లైనను నిండకయే మరణించెను. విద్యను దేశభాషలోనికి తెచ్చినవారియెడల మాకెపుడును గౌరవమే. కాని ఆ గౌరవము మన కన్నులను కప్పరాదు. అదే గ్రంథమున కల్పెపర్ ప్రతి మూలికకును ఒక గ్రహమును అధిపతిగ నిర్ణయించి, పాప్లరును శనికి అప్పగించెను. వెనుకటి లేపనమును, అందలి విషములను యథాతథముగ నప్పగించెను. తలుపు తెరచుట యొక పని, లోపలి సరకును శోధించుట మరియొక పని. అతడు మొదటిదానిని చేసెను.

రెండవ పని మెల్లగ జరిగినది. పాప్లరునకు విల్లో చెట్టు చుట్టము. రెండును ఒకే కుటుంబములోనివి. 1763లో ఎడ్వర్డు స్టోను అను ఆంగ్ల మతాచార్యుడు, ఎండిన విల్లో పట్ట చూర్ణమును అయిదేండ్లపాటు సుమారు 50 మంది జ్వరపీడితుల కిచ్చి, కలిగిన ఫలమును లండనులోని రాయలు సొసైటీకి వ్రాసెను. అతని పరీక్ష నేటి కొలతలకు నిలువదు; అయినను ఎందరికిచ్చెనో, ఏమి జరిగెనో వ్రాసిపెట్టుట గొప్ప మార్పు. 1828లో బుక్నరు అను జర్మను పండితుడు విల్లో పట్టనుండి సాలిసిను అను చేదు పదార్థమును వేరుచేసెను. 1830లో బ్రాకొన్నో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాప్లరు జాతిలో సాలిసినును, దానితో కూడ పాపులినును కనుగొనెను. 1838లో పిరియా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు సాలిసినునుండి సాలిసిలికు ఆమ్లమును రాబట్టెను. ఆ దారినే 1899లో ఆస్పిరిను అంగడికి వచ్చెను. అంతమాత్రమున మొగ్గల లేపనమే ఆస్పిరిను అనుట అతిశయోక్తి. ఆస్పిరిను కర్మాగారములో తయారైనది. దానికి మాత్ర కలదు, లెక్క కలదు. మొగ్గల జిగురులో నెంత సాలిసినున్నదో చెట్టునుబట్టి, ఋతువునుబట్టి మారుచుండును.

అట్లాంటికు సముద్రమున కావల ఈ కథ మరియొక త్రోవన నడచినది. ఉత్తర అమెరికాలోని ఆదివాసులు తమ నదీతీరముల పాప్లరు మొగ్గలను జంతువుల కొవ్వుతో కలిపి పుండ్లకు, చర్మబాధలకు రాచుకొనుచుండిరి. ఐరోపానుండి వచ్చి స్థిరపడినవారు ఆ చెట్టును "గిలాదు గుగ్గిలము" అనిరి. బైబిలులో ప్రసిద్ధమైన ఆ గుగ్గిలము నిచ్చునదని చెప్పబడు చెట్టు అరేబియా ప్రాంతపు పొద. మన గుగ్గులువునకు దగ్గరి చుట్టము. పాప్లరునకు ఏ బంధుత్వమును లేనిది. పవిత్రమైన పేరు తగిలించిన మందు తేలికగ నమ్ముడుపోవును. 19వ శతాబ్దపు ఆరంభమున లివర్పూలులో సామ్యూలు సాలమను అను వ్యాపారి, పాప్లరుతో పనిలేకయే, ఆ పేరుతో ఒక పానకమును సీసా అరగినీ చొప్పున అమ్మి మహాధనికుడై, తన భవనమునకు గూడ గిలాదు పేరే పెట్టుకొనెను. 20వ శతాబ్దపు మొదటి దశకములలో అమెరికా ఔషధయోగములలో నుండిన తెల్ల పైను దగ్గు పానకమున పాప్లరు మొగ్గలును కలవు, మార్ఫినును కలదు. దగ్గణగినది దేనివలన? సలెర్నో లేపనమునుగూర్చి వేసిన ప్రశ్ననే ఇచ్చటను వేయవలసియున్నది.

విషములను తీసివైచి, మొగ్గలనే నిలిపి విచారించినపుడు మిగిలినది కొంచెమే; కాని అది శూన్యము కాదు. 1990లో జర్మనీ ప్రభుత్వపు మూలికావైద్య పరిశీలక సంఘము, పైపై చర్మగాయములకును, మొలలకును, చలికి పగిలిన చర్మమునకును, ఎండకు కందిన చర్మమునకును పాప్లరు మొగ్గల లేపనమును వాడవచ్చునని అంగీకరించెను. దానితో నొక హెచ్చరికయు చేసెను. ప్రొపోలిస్ గాని, ఆస్పిరిను జాతి మందులు గాని సరిపడనివారు దీనిని తాకరాదు. తేనెపట్టులలో పనిచేయువారికి ఆ బంక తగిలి చేతులు పొక్కుట తెలిసిన సంగతియే.

ఉత్తర అమెరికా పశ్చిమతీరమున కాపురమున్న తెలుగు కుటుంబములవారు కాటన్వుడ్డు అను పేరుగల పాప్లరుల క్రింద నడచుచునే యుందురు. వేసవి మొదట దూదివలె గాలిలో తేలునది ఆ చెట్ల విత్తనములే. అట్టివారిలో కుతూహలము గలవారికి నేటి గృహపద్ధతిని చెప్పుచున్నాము. నిలిచియున్న కొమ్మనుండి మొగ్గ గిల్లిన, రాబోవు చిగురును గిల్లినట్లే. కావున శీతకాలపు గాలివానలకు విరిగి నేలబడిన కొమ్మలనే వెదకవలెను. మొగ్గలలోని తేమను కొంత ఆరనిచ్చి, మునుగునంత నూనె పోసి, మరుగు నీటి గిన్నెలో నుంచి సన్నని వేడిని తగుల నిచ్చి, గుడ్డలో వడియగట్టవలెను. నూనె నాలుగైదు పాళ్లకు ఒక పాలు తేనెమైనము కరగించి కలిపిన లేపన మగును. మొదట మోచేతి లోపలిభాగమున చుక్క రాచి ఒకటి రెండు దినములు చూడవలెను. లోతైన గాయములకును, కాలిన పుండ్లకును, పసిబిడ్డలకును ఇది మందు కాదు. అట్టి సమయమున వైద్యునియొద్దకు పోవుటయే కర్తవ్యము.

ఇక మన యింటి సంగతి. సలెర్నో లేపనమును పూజించినవారు విషమును గూడ పూజించిరి. దానిని వట్టి మూఢత్వమని త్రోసివైచినవారు కొవ్వును చెడకుండ కాపాడు మొగ్గను, కందిన చర్మమునకు హితవైన జిగురును గూడ త్రోసివైచిరి. వేరుచేసి చూచినవారికే రెండును కనబడినవి. మన యటకలపైనను కాచిన తైలపు సీసాలు, పేరు తెలియని చూర్ణపు పొట్లములు లేకపోలేదు. వానిని కట్టకట్టి పారవేయుడని మేము చెప్పము; కన్నులు మూసికొని పిల్లలకు పట్టుడనియు చెప్పము. ఇంటిలో పెద్ద ముత్తైదువయో, అత్తగారో యున్నచో ఆమెచెంత కూర్చుండి, ఏ తైలములో నేయే దినుసులు పడునో, ఎంతెంత పడునో, ఎవరికి వాడిరో, ఎవరికి వికటించెనో అడిగి, తేదీ వేసి ఒక పుస్తకమున వ్రాసికొనుడు. దినుసు పేరు చెప్పలేని మందును పిల్లల యొంటిపై రాయకుడు. వ్రాసిన పుస్తకమును చదువుకొనిన వైద్యునకు చూపుడు. అందు కొన్ని పంక్తులు కొట్టివేయబడవచ్చును, కొన్ని నిలువవచ్చును. నిలిచిన పంక్తుల ప్రక్కన ఆ యమ్మ పేరును వ్రాయుట మరువకుడు.