ఐదూళ్ల ఫ్రీమాంట్

కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌లో పాతకాపుల్ని ‘మీదెక్కడ?’ అని అడిగితే ఫ్రీమాంట్ అని చెప్పరు. నైల్స్ అంటారు, ఇర్వింగ్టన్ అంటారు, సెంటర్‌విల్ అంటారు. ఇప్పుడు పేటల్లా కనిపించే ఇవన్నీ ఒకప్పుడు వేటికవే ఊళ్లు. వీటిలో అన్నిటికన్నా పాతది మిషన్ శాన్ హోసే. 1797లో స్పెయిన్ మతగురువులు ఇక్కడి ఆదివాసులైన ఓలోనీల నేల మీద మిషన్ కట్టి, ఆ ఓలోనీల చేతే గొడ్డుచాకిరీ చేయించారు. 1868 భూకంపానికి ఆ మిషన్‌లోని మట్టిగోడల చర్చి కూలింది. ఇప్పుడు మనం చూసేది 1980ల్లో పాత నమూనా ప్రకారం మళ్లీ కట్టినది.

నైల్స్‌ది వేరే దర్జా. 1869లో ఖండాన్ని దాటే రైలు ఈ లోయలోంచే వచ్చింది. 1912 నుంచి నాలుగేళ్లు ఇక్కడ ఎస్సనే కంపెనీ మూకీలు తీసింది. 1915లో చార్లీ చాప్లిన్ ‘ది ట్రాంప్’ చిత్రీకరించింది ఈ చుట్టుపక్కలే. నైల్స్ వాళ్లు ఆ ముచ్చట నేటికీ వదల్లేదు, వదలాల్సిన పనీ లేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత తోటలు కొట్టేసి ఇళ్లు వేయడం మొదలైంది. తమ నేల మీద ఏం కట్టాలో పక్క పట్టణాలు తేల్చేలోపు తామే తేల్చుకోవాలనుకున్నారు ఇక్కడివాళ్లు. ఊళ్లన్నిటినీ కలిపి ఒక నగరం చేయడానికి వాలీ పాండ్ అధ్యక్షుడిగా కమిటీ వేశారు. పక్కనున్న న్యూఅర్క్ మాత్రం కలవనని 1955లో సొంతంగా నగరమైంది. పైన చెప్పిన నాలుగూళ్లూ, వార్మ్ స్ప్రింగ్స్ అనే మరో ఊరూ కలిసి 1956 జనవరి 23న ఫ్రీమాంట్ అయ్యాయి. దాంతో న్యూఅర్క్ చుట్టూ ఇప్పుడు మా ఊరే.

పేరు జాన్ ఫ్రీమాంట్ అనే సైనికాధికారిది. ఆయన దళం 1846లో ఉత్తర కాలిఫోర్నియాలో ఆదివాసుల్ని ఊచకోత కోసింది. ఓలోనీలకు దక్కింది ఒక కాలేజీ పేరు. నాకిది మింగుడుపడదు.

ఐదూళ్లు కలిశాయి గానీ నడిబొడ్డు అంటూ ఏదీ లేకపోయింది. 1972లో బార్ట్ రైలు వచ్చినప్పుడు ఫ్రీమాంట్ స్టేషన్‌ను ఐదింటిలో దేని బజారులోనూ కాక మధ్యనున్న ఖాళీలో పెట్టారు. డౌన్‌టౌన్ అనిపించుకోవడానికి నగరం ఈమధ్యే రోడ్లు వేస్తోంది, భవనాలు కడుతోంది. తెలుగువాళ్లం ఇక్కడికి ఎక్కువగా వచ్చింది కంప్యూటర్ల కాలంలో, ఈ పాత కథలేవీ తెలియకుండానే. అయినా ఇల్లు కొనేటప్పుడు మాత్రం మనవాళ్లు ఏజెంటును ముందుగా అడిగేది ఆ పాత ఊరి పేరే: ‘మిషన్ హైస్కూల్ కిందికి వస్తుందా, ఇర్వింగ్టన్ కిందికా?’