గంధకము - చౌడునేల

నిజామాబాదు జిల్లాలోని మోస్రా, వర్ని, బోధన్ ప్రాంతముల వ్యవసాయ చరిత్రలో నిజాంసాగరమునకు పెద్ద స్థానము కలదు. మంజీరానదిపై 1923లో మొదలిడిన ఈ జలాశయము 1931లో పూర్తియైనది. 1937లో బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో పంచదార కర్మాగారము వెలసి, 2015 వరకు నడచినది. నల్లరేగడి చేలలో వరి, చెరకు విస్తరించినవి.

అయితే కాలువనీటి వెంట ఒక చిక్కు కూడ వచ్చును. రేగడిలో నీరు త్వరగా ఇంకదు. మురుగు పోవు దారిలేని పల్లములలో భూగర్భజలము పైకెక్కి, ఎండకు ఆవిరియై, తనలోని లవణములను పైపొరలో విడిచిపోవును. ఇదియే చౌడు.

ఈ అనుభవము నిజాంసాగరముకంటె పాతది. యమునా కాలువక్రింద కర్నాలు సమీపముననున్న మునక్ గ్రామస్థులు 1855లోనే తమ చేలు చౌడుబారుచున్నవని మొరపెట్టుకొనిరి. 1876లో ప్రభుత్వము ఇందుకై విచారణ సంఘమును నియమించినది.

మన రైతులు చౌడును రెండు తెగలుగా చెప్పుదురు. తెల్లని ఉప్పు తేలినది పాలచౌడు. నల్లబడి, తడిసిన జిగటయై, ఎండిన రాయియగునది కారుచౌడు. కాలిఫోర్నియాలో హిల్గార్డు అను శాస్త్రజ్ఞుడు కూడ ఇట్లే తెల్ల క్షారము, నల్ల క్షారము అని విభజించెను. కారుచౌడులో సోడియము బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొనియుండును; సోడియం కార్బొనేటు నేలలోని జీవపదార్థమును కరిగించి నలుపు తెచ్చును. హిల్గార్డు దీనికి జిప్సమును సూచించెను. జిప్సములోని కాల్షియము సోడియమును తరిమి, దాని స్థానమును ఆక్రమించును.

1909లో డెన్మార్కు దేశపు సోరెన్‌సన్ పి.హెచ్. మానమును ప్రవేశపెట్టిన పిదప నేల క్షారతను అంకెలలో చెప్పుట సాధ్యమైనది. 7 తటస్థము, 8.5 దాటినచో సోడియమును అనుమానింపవలెను.

మరి గంధకము సంగతి ఏమి? అది తానుగా ఆమ్లము కాదు. 1922లో అమెరికాలో వాక్స్‌మన్, జాఫీలు గంధకమును తిని గంధకికామ్లమును విడుచు బాక్టీరియాను వేరుపరచి, థయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్ అని పేరిడిరి. గంధకము వేయువాడు నిజమునకు ఈ జీవులకు మేత వేయుచున్నాడు. వీటికి తేమ, వెచ్చదనము, గాలి మూడును కావలెను. నీరు నిలిచిన వరిమడిలో గాలి అందదు గనుక పని సాగదు. నాట్లకు చాలముందే, మెట్టగానున్నపుడు గంధకము కలుపవలసినది ఇందుకే.

ఇచట ఒక లెక్క చూడవలెను. 32 కిలోల గంధకమునుండి పుట్టిన ఆమ్లము 100 కిలోల సున్నపురాయితో సరిపోవును. ఎకరము నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగును. అందు నూటికి ఒక పాలు సున్నమున్నను 9,000 కిలోలు. అది తీరుటకే 2,880 కిలోల గంధకము కావలెను. అంతవరకు పి.హెచ్. పెద్దగా దిగదు. కనుక సున్నపు రేగడిలో గంధకమును పి.హెచ్. దించు మందుగా కొనుట ధనము మట్టిపాలు చేయుటయే.

కాని అదే సున్నము కారుచౌడులో మేలు చేయును. ఆమ్లము సున్నమును తాకినచోట జిప్సము పుట్టును. ఒక కిలో గంధకము సుమారు 5.4 కిలోల జిప్సముతో సమానము. గంధకపు పొగతో చెరకురసమును శుభ్రపరచు కర్మాగారముల మడ్డి చౌడుకు ఉపకరించుటకు కారణము కూడ అందులోని కాల్షియము, గంధకములే. ఏది వేసినను, విడివడిన సోడియమును నీటితో కడిగి మురుగుకాలువలోనికి పంపనిచో చౌడు మరల తేలును.

మునక్ మొరపెట్టిన కర్నాలులోనే 1969లో కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థ నెలకొనినది. ఆ సుదీర్ఘచరిత్ర నేర్పు పాఠము చిన్నది. పెరటితోటకైనను, చెరకుతోటకైనను గంధకము కొనుటకు ముందు మట్టిని పరీక్ష చేయించవలెను. చిటికెడు మట్టిపై పలుచని హైడ్రోక్లోరికామ్లపు చుక్క వేసినపుడు బుసబుస పొంగినచో సున్నమున్నదని గ్రహింపవచ్చును. తరువాత పార చేతబట్టి మొదట త్రవ్వవలసినది మురుగుకాలువ.