వేంపల్లె రాయి – వేసవి చదువు

వేసవి సెలవులలో పిల్లల గ్రంథాలయమును ఒక విషయమునకు తగినట్లు అలంకరించి, దానిపై పుస్తకములు చదివించుట చాల దేశములలో ఉన్న పద్ధతి. సముద్రమో, ఆకాశమో విషయముగా తీసికొని గోడలను బొమ్మలతో నింపుదురు. వేంపల్లెలో ఈ పని తలపెట్టు ఉపాధ్యాయుడు విషయమునకై దూరము పోనక్కరలేదు.

1872లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్, కడప, కర్నూలు శిలలను వర్ణించుచు, ఇచ్చటి సున్నపురాతి పొరలకు ఈ ఊరి పేరే పెట్టెను. భూగర్భ శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరే వాడుదురు. ఈ రాతిలో ఉల్లిపొరలవలె ఒకదానిపై నొకటి పేరుకొన్న వంపు గీతలు కనబడును. వీనిని స్ట్రొమాటొలైట్లు అందురు. సుమారు 190 కోట్ల ఏండ్ల క్రిందట ఇచ్చట లోతులేని సముద్రముండెను. అందులో నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవులు చాపలవలె అల్లుకొని సన్నని మట్టిని పట్టి ఉంచెను. మట్టి కప్పినకొలది వెలుతురుకై పైకి ప్రాకెను. అట్లు పొరపై పొర ఏర్పడి రాయి అయినది. ఇట్టి జీవులు విడిచిన ప్రాణవాయువే గాలిలో చేరి, తరువాతి ప్రాణులకు ఆధారమైనది.

కనుక గ్రంథాలయపు గోడనే ఆ సముద్రముగా చేయవచ్చును. పుస్తకము చదివి ముగించిన ప్రతి బాలుడును, బాలికయు ఒక్కొక్క రంగుకాగితపు పొరను అడుగునుండి అతికించుచు పోవలెను. సెలవులు ముగియునాటికి గోడపై స్ట్రొమాటొలైటు పెరుగును. అలంకరణకని రాళ్ళను పగులగొట్టి తేరాదు. ఉన్నచోటనే చూచి బొమ్మ గీసికొనవలెను. ఒకసారి పోయిన పొర మరల పుట్టదు. చరిత్ర ఎక్కడో దూరమున జరిగినదనుకొను పిల్లలు తమ ఊరి రాతిని ఆగి చూచుట నేర్చినచో ఆ వేసవి చదువు సార్థకమగును.